గజ్జి, తామర, ఎగ్జిమా: బడికి రాసే ఉత్తరంలో ఏ మాట?

సందేహం: మా ఎనిమిదేళ్ల బాబుకు ఒళ్లంతా ఎగ్జిమా. దురదతో రాత్రిళ్లు నిద్ర ఉండదు. ఈ సంగతి బడికి తెలుగులో రాసి పంపాలి. మా అత్తగారు దీన్ని తామర అంటారు. పక్కింటివారు గజ్జి అంటున్నారు. ఏది సరైన మాట? ‘దురద నివారణకు మందు వాడుతున్నాం’ అని రాయవచ్చా?

సమాధానం: అమ్మా, గజ్జి అని మాత్రం రాయకండి. కంటికి ఆనని పురుగు చర్మాన్ని తొలుచుకుపోయి గుడ్లు పెట్టడం వల్ల వచ్చే జబ్బు గజ్జి. అది అంటుకుంటుంది. ఒకరికి వస్తే ఇంటిల్లిపాదీ మందు రాసుకోవాలి. ఎగ్జిమా ఎవరికీ అంటదు. గజ్జి అన్న ఆ ఒక్క మాటతో మీ బాబు తరగతిలో విడిగా కూర్చోవలసి వస్తుంది.

మీ అత్తగారి మాటను మాత్రం కొట్టిపారేయలేను. దురదపెట్టి, మచ్చకట్టే చర్మవ్యాధులు చాలావాటిని పెద్దలు తామర అనే పిలిచారు. ఎగ్జిమాకు ఆ పేరు నేటికీ అచ్చులో కనిపిస్తుంది. అయినా తామర అనగానే ఎక్కువమందికి తట్టేది గుండ్రటి మచ్చగా మొదలై అంచు వెంట పాకే, శిలీంధ్రం వల్ల వచ్చే జబ్బు. సంస్కృతంలో దద్రువు అదే. ఈ తేడా నిఘంటువుతో తీరిపోయేది కాదు. ఎగ్జిమాకు డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్ పూతను ‘ఇదీ తామరే కదా’ అని శిలీంధ్రపు మచ్చకు రాస్తే, నాలుగు రోజులు దురద అణిగినట్టే ఉండి మచ్చ ఇంకా పాకుతుంది. రెండు జబ్బులకు ఒకే పేరుంటే ఒకరి ట్యూబు ఇంకొకరి చేతికి పోతుంది. (తామరతంపర అనే మాటలోని తామర మాత్రం కొలనులోదే.)

ఆయుర్వేదంలోని విచర్చికను ఎగ్జిమాకు సమానంగా చూపుతారు కానీ, ఉత్తరంలో అది ఎవరికి తెలుస్తుంది? ఎగ్జిమా అనే రాయండి. ‘పొంగి పైకి ఉబకడం’ అనే అర్థమున్న గ్రీకు మాట అది. ఇంగ్లీషుకూ అరువు మాటే.

ఇక దురద. నవ, జిల, తీట అని కూడా అంటాం. ‘తీట తీరింది’, ‘నోటి దురద’ వంటి మాటల్లో అవి నిందలయ్యాయి. కానీ ‘నాకు దురద పెడుతోంది’ అనే వాక్యాన్ని గమనించండి. అక్కడ ‘నేను’ కర్త కాదు, దురదే వచ్చి మనిషిని పట్టుకుంటుంది. ‘గోకుతున్నాడు’ అనగానే పిల్లవాడు కర్త అయిపోతాడు, తప్పూ వాడిదే అవుతుంది. మా మనవరాలు నిద్రలోనే మోచేతి మడతను గోకేది. తెల్లవారేసరికి దుప్పటి మీద చిన్న చిన్న రక్తపు చుక్కలు. ‘గోకకు’ అని ఎన్నిసార్లు గద్దించామో! గోకేకొద్దీ చర్మం చెడి దురద పెరుగుతుందన్నది నిజమే, కానీ ఆ గద్దింపు వల్ల ఒక్క రాత్రీ దాని దురద తగ్గలేదు. గోళ్లు పొట్టిగా కత్తిరించి, గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయించి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే డాక్టరు చెప్పిన తేమ నిలిపే పూత రాసినప్పుడే కొంత నెమ్మదించింది.

‘నెమ్మదించింది’ అన్నానే, మీ రెండో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. నివారణ అంటే రాకుండా అడ్డుకోవడం, లేదా పూర్తిగా పోగొట్టడం. నయం కావడం జబ్బుకు సంబంధించినది. ఉన్న బాధ తగ్గడం ఉపశమనం. ఎగ్జిమా తగ్గుతూ, తిరగబెడుతూ ఉంటుంది కాబట్టి ‘నివారణ’ అని రాస్తే, మళ్లీ వచ్చినప్పుడు ‘మందు సరిగా వాడలేదా?’ అని మిమ్మల్నే అడుగుతారు.

ఇలా రాయండి: ‘మా బాబుకు ఒళ్లంతా ఎగ్జిమా ఉంది. ఇది అంటువ్యాధి కాదు. దురద నుంచి ఉపశమనానికి మందులు వాడుతున్నాం. తరగతిలో దురద పెట్టినప్పుడు బయటికి వెళ్లి పూత రాసుకోవడానికి వాడిని అనుమతించగలరు.’