టీచరుగా, చిత్రకారిణిగా బతికిన అమ్మ గురించి ఏం రాయాలి?

మీ అమ్మగారు డ్రాయింగ్ టీచరని, బొమ్మలు వేసేవారని, సంవత్సరీకానికి ఆమె మీద చిన్న పుస్తకం తేవాలని ఉందని, అందులో ఏం రాయాలో తెలియడం లేదని అడిగారు. మేం ఒడిశాలోని పర్లాకిమిడిలో మా అమ్మ కోసం ఇదే పని చేశాం. అందుకే చెబుతున్నాను.

‘ప్రేమమూర్తి, త్యాగమూర్తి’ వద్దు. అవి ఏ అమ్మకైనా సరిపోతాయి. ఆమె చెయ్యి ఎలా ఆడేదో రాయండి. మా అమ్మ పిల్లల కాగితం మీద ఎన్నడూ పెన్సిల్ పెట్టేది కాదు. వంకర చూపించాలంటే పక్కన చిత్తుకాగితం మీద గీసేది. "నా గీత పడ్డాక అది నీ బొమ్మెలా అవుతాది?" అనేది. ఆ చిత్తుకాగితాల్ని కొందరు పిల్లలు దాచుకున్నారని మాకు తెలీదు. సైన్‌బోర్డులు రాసుకునే ఒకాయన, టైలరింగ్ చేసే ఒకావిడ తెచ్చిచ్చారు. మామిడాకు ఈనెలు, మనిషి మోచెయ్యి, కుండ మూతి. పుస్తకంలో అన్నిటికన్నా మంచి పేజీలు అవే. మీరూ ముందు శిష్యుల్ని పట్టుకోండి, బంధువుల్ని తర్వాత చూసుకోవచ్చు.

ఫ్రేము కట్టిన బొమ్మలు ఎలాగూ వేస్తారు. చెరిగిపోయే బొమ్మల సంగతి మరవకండి. ఒడియా వాళ్లకి మార్గశిరం మనకన్నా పదిహేను రోజులు ముందే వస్తుంది. వాళ్ల లక్ష్మీవారాలకి, అంటే లక్ష్మీపూజ చేసే గురువారాలకి, అమ్మ పక్కింటి గుమ్మంలో తడిపిండితో వేళ్లతోనే ఝోటీ (ఒడియా ముగ్గు) వేసేది. వరికంకులు, లక్ష్మీపాదాలు. ఆ తర్వాత మన నెలగంట పెట్టాక మన వాకిట్లో చుక్కల ముగ్గు. ఇవేవీ మిగల్లేదు కానీ ముగ్గుల నోటుబుక్కు ఉంది. ‘15 చుక్కలు, 8 వరకు సందు చుక్క’ అని రాసి, దాని పక్కనే పాల లెక్క! ఆ పేజీని కత్తిరించకుండా పాల లెక్కతోనే అచ్చు వేయించాం.

ఆమె ఏం వేయలేదో కూడా అడిగి తెలుసుకోండి. మా జిల్లాలో సవర గిరిజనులు ఇళ్లలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో ఇడితాల్ అనే బొమ్మలు వేస్తారు. గుర్రాలు, ఏనుగులు, సూర్యుడు, చంద్రుడు, వరసగా మనుషులు. అది చనిపోయిన పెద్దలకీ దేవతలకీ చేసే పూజలో భాగం. అమ్మ దాన్ని పిల్లలకి చూపించి, విడమర్చి చెప్పేది. కానీ కాపీ చేసి హాల్లో తగిలిస్తామంటే మాత్రం ఒప్పుకునేది కాదు. ఇప్పుడు ప్రతి హోటల్ గోడ మీదా అవే బొమ్మలు కనిపిస్తుంటే, ఆవిడ పట్టుదల సబబే అనిపిస్తుంది.

భాష దగ్గర మీకూ టెన్షన్ ఉండొచ్చు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు అందులోకి వెళ్లింది, అమ్మ పుట్టిల్లు పాతపట్నం తెలుగు వైపే ఉండిపోయింది. అందుకే ఆమె బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడేది. శిష్యులు ఒడియాలో రాసింది ఒడియా లిపిలోనే ఉంచి, కింద తెలుగు ఇచ్చాం. ఒడియా ప్రూఫులు మాత్రం మీరు దిద్దకండి, ఆ భాషలో చదువుకున్న శిష్యురాలికి ఇవ్వండి. ఇక తెలుగు అంటారా, గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి గ్రాంథికం రాస్తే బాగోదు కదా! ఇంట్లో మాట్లాడుకున్నట్టే రాశాం.

చివరగా పాత ఫొటోలు. స్కూలు గ్రూపు ఫొటోల్లో ఎవరెవరో చెప్పగలిగేవాళ్లు మీ పెద్దత్తలు, పిన్నమ్మలు, ఆమెతో పనిచేసిన టీచర్లు. వాళ్ల దగ్గరికి ఈ నెలలోనే వెళ్లి, వెనకాల పెన్సిల్‌తో పేర్లు రాయించుకోండి. పెన్నుతో రాస్తే అవతలివైపు ముఖాల మీదకి సిరా దిగుతుంది.