గుజ్జు అరిగిందని మంచం ఎక్కితే ఎలా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు, బీపీ ఉంది. ఏడాదిగా మోకాళ్ల నొప్పులు. ఎక్స్‌రే తీసి గుజ్జు అరిగిందన్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వారానికో సూది, రోజూ నొప్పి మాత్ర. నడిస్తే ఇంకా అరుగుతుందని మంచం దిగడం లేదు. ఆపరేషన్ తప్పదా?
– ఓ పాఠకురాలు, జనగామ జిల్లా

జవాబు: ముందు అమ్మను మంచం దింపండమ్మా. నడిస్తే మోకాలు అరిగిపోదు, నడవకపోతే తొడ కండ సన్నబడి ఆ బరువంతా కీలు మీదే పడుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. ఎక్స్‌రేలో అరుగుదల బాగా కనిపించినా హాయిగా తిరిగేవాళ్లున్నారు, ఆ ఫిల్మ్ చూపించి భయపెట్టడం మా డాక్టర్లకు పాత అలవాటు.

అసలు మందు తొడ కండే. కాళ్లు చాపి కూర్చోబెట్టి, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, దాన్ని కిందికి నొక్కి ఐదు లెక్కపెట్టే దాకా ఉంచమనండి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలు. అలవాటయ్యాక కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం. మొదట్లో కాస్త నొప్పి పెరుగుతుంది, దానికి భయపడి మానేస్తారు, అక్కడే మీరు పక్కన ఉండాలి. బరువు ఎక్కువుంటే తగ్గించాలి, ఒక్క కిలో తగ్గినా అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది. కింద కూర్చోవడం మాన్పించి, మరుగుదొడ్డిలో కమోడ్ కుర్చీ వేయండి. చేతికర్ర నొప్పి ఉన్న కాలివైపు కాదు, రెండో చేత్తో పట్టుకోవాలి.

నొప్పికి ముందుగా డైక్లోఫెనాక్ జెల్ రాసి చూడండి. రోజూ మింగే నొప్పి మాత్రలు బీపీ పెంచుతాయి, కడుపులో పుండ్లు, కిడ్నీకి చేటు. గుజ్జు పెంచుతామనే గ్లూకోసమిన్ డబ్బాలకు డబ్బు తగలేయొద్దు.

నాకు ఎక్కువ టెన్షన్ ఆ సూది గురించే. అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు. వాడిన మాత్రల అట్టలన్నీ పట్టుకుని పీహెచ్‌సీకి వెళ్లండి, బీపీ చూపించి, కిడ్నీ ఎలా ఉందో తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష అడగండి. స్టెరాయిడ్ మాత్రలైతే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు.

మోకాలు ఎర్రగా వేడెక్కి వాచి జ్వరం వస్తే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆపరేషన్ మాట అంటారా, ఇవన్నీ నెలల తరబడి చేసినా రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, ఇంట్లో నాలుగడుగులు వేయలేని స్థితి ఉంటే అప్పుడు ఆలోచిద్దాం.