బీపీకి టీకా వస్తోందని మాత్రలు మానేయవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. చాలాకాలంగా రక్తపోటుకు మాత్రలు వాడుతున్నారు. బీపీకి, షుగరుకు టీకాలు వస్తున్నాయని, ఏడాదికి రెండు సూదులు చాలునని పార్కులో ఎవరో చెప్పారట. అప్పటి నుంచి మాత్రలు సరిగా వేసుకోవడం లేదు. అంటువ్యాధి కాని జబ్బుకు టీకా ఎలా పనిచేస్తుంది?
– ఒక పాఠకురాలు, వెస్ట్ మాంబళం, చెన్నై

జవాబు: రక్తపోటుకు గాని, షుగరుకు గాని చికిత్సగా వేసే టీకా ఏదీ ఇంకా వాడుకలోకి రాలేదు కనుక మీ నాన్నగారు మాత్రలు మానకూడదు. అయితే పార్కులో విన్న మాట పూర్తిగా గాలికబురు కూడా కాదు.

రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్ అనే పదార్థం మన ఒంట్లోనే తయారవుతుంది. సొంత పదార్థాన్ని శరీరం శత్రువుగా చూడదు కాబట్టి, శాస్త్రవేత్తలు దానిని వైరస్‌ను పోలిన ఒక రేణువుకు అతికించి ఎక్కించారు. అప్పుడు ఆ రేణువుతోపాటు యాంజియోటెన్సిన్ మీద కూడా, దాన్ని పట్టి అడ్డుకునే యాంటీబాడీలు పుట్టాయి. 2008లో వెలువడిన ఒక ప్రయోగంలో 72 మంది రోగులు పాల్గొనగా, ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో పగటిపూట పై బీపీ సుమారు 9, కింది బీపీ 4 పాయింట్లు తగ్గాయి. తర్వాతి ప్రయోగాల్లో ఆ ఫలితం నిలవలేదు.

నా దృష్టిలో అసలు చిక్కు వేరే ఉంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గి బీపీ పడిపోతే, వైద్యుడు కొన్ని మాత్రలను తాత్కాలికంగా ఆపిస్తాడు. నెలల తరబడి రక్తంలో తిరిగే యాంటీబాడీలను ఎవరు ఆపగలరు? అల్జీమర్స్‌కు ఇలాగే ఒంట్లోని సొంత పదార్థం మీద యాంటీబాడీలు పుట్టించేలా తయారుచేసిన ఒక టీకా వల్ల సుమారు 6 శాతం మందికి మెదడువాపు రావడంతో 2002లో ఆ ప్రయోగాన్ని నిలిపివేయవలసి వచ్చింది.

షుగరు సంగతికొస్తే, క్షయకు వేసే బీసీజీని అమెరికాలో టైప్ 1 మధుమేహం (శరీర రక్షణవ్యవస్థే ఇన్సులిన్ తయారీని దెబ్బతీసే రకం) మీద పరీక్షించారు. పెద్దవయసులో ఎక్కువగా కనిపించే టైప్ 2తో ఆ పరిశోధనకు సంబంధం లేదు. ఇక ఏడాదికి రెండు సూదులన్న మాట బహుశా కొలెస్ట్రాల్‌కు ఆరునెలలకొకసారి ఇచ్చే ఇన్‌క్లిసిరాన్ గురించి అయివుంటుంది. అది టీకా కాదు, మందు.

మాత్రలు ఎక్కువై మీ నాన్నగారు విసిగిపోయి ఉంటే, రెండు మందులు కలిసిన ఒకే మాత్ర ఆయనకు సరిపడుతుందేమో వైద్యుణ్ణి అడగండి. వెళ్లే ముందు వారం రోజులు ఉదయం, రాత్రి ఇంట్లో బీపీ చూసి, మాత్ర వేసుకోని రోజులతో సహా రాసి పట్టుకెళ్లండి.