హాఫ్ మారథాన్‌కి పేరిచ్చావట!

చిరంజీవి చిన్నోడికి,

పెద్దమ్మ దీవెనలు. నువ్వు హాఫ్ మారథాన్‌కి పేరిచ్చావని నిన్న అమ్మ ఫోన్ చేసి చెప్పింది. 21 కిలోమీటర్లు! ముందు పొంగిపోయాను. ఆ వెంటనే "ఇంక మూడు నెలలే ఉందట, రేపట్నుంచి రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తుతాడట" అని అది అనేసరికి నా గుండెల్లో దడ మొదలైంది. ఉద్యోగమంతా పిల్లలకి ఆటలు నేర్పిన దాన్ని, ఇది విని ఊరుకోవడం నావల్ల కాదు.

మామూలు సంగతులు ముందే చెప్పేస్తాను. కాలికి సరిపోయే బూట్లు కొనుక్కో. నిద్ర తగ్గించుకోకు. నలభైకి దగ్గరపడ్డావు, మీ నాన్నకి బీపీ ఉంది, కాబట్టి మొదలుపెట్టే ముందు డాక్టర్‌కి చూపించుకో. ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్ళు తిరిగినా అక్కడే ఆగిపో, నలుగురూ చూస్తున్నారని మొహమాటపడకు. ఇవన్నీ ఎవరైనా చెప్తారు.

అమ్మ ఇంకో మాట అంది. "వాడికేం, సన్నగానే ఉన్నాడుగా, ఫిట్టే" అని. ఈ మాట స్టాఫ్‌రూముల్లో విని విని విసిగిపోయాను. సన్నగా ఉన్నవాళ్ళందరికీ దమ్ము ఉంటుందని ఎవరు చెప్పారు? లండన్‌లో జెరెమీ మోరిస్ అనే డాక్టర్ 1953లో ఒక పరిశోధన ప్రచురించాడు. డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్లని, మెట్లెక్కుతూ దిగుతూ టికెట్లిచ్చే కండక్టర్లని పోల్చి చూస్తే గుండెజబ్బు డ్రైవర్లలోనే ఎక్కువ. డ్రైవర్లు లావుగా ఉండటం వల్లేమోనని తర్వాత వాళ్ళ యూనిఫాం కొలతలు కూడా తీసి చూశారు. నడుము కొలత ఒకటే అయినా కండక్టర్లే నయమని తేలింది. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ నువ్వు డ్రైవర్ సీట్లోనే ఉన్నావురా. ప్యాంటు సైజు మారలేదని మురిసిపోకు.

ఎలా ఉన్నావో తెలియాలంటే అద్దం, తూకం రెండూ పక్కన పెట్టు. గబగబా కొన్ని అంతస్తులు ఎక్కి ఆగు. ఆయాసం అందరికీ వస్తుంది, అది ఎంతసేపట్లో తీరుతుందో చూడు. నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో పట్టుకుని లెక్కపెట్టు, నిమిషం పోయాక మళ్ళీ లెక్కపెట్టు. ఎంత చురుగ్గా దిగితే అంత మంచిది. గట్టి వ్యాయామం ఆపిన మొదటి నిమిషంలో 12 కూడా తగ్గకపోతే ఆ సంగతి డాక్టర్‌తో చెప్పాల్సిందే.

ఇక అసలు విషయం. మీ పెదనాన్న హాస్పిటల్లో పడిన కథ నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు, ఆయన చెప్పనివ్వరు కాబట్టి. కాలేజీలో ఆయన వాలీబాల్ కెప్టెన్. నలభై దాటినా మనసులో ఇంకా కెప్టెనే. మధ్యలో అన్నేళ్ళూ ఫైళ్ళు తప్ప బరువైనదేదీ ఎత్తింది లేదు. ఆఫీసులో కుర్రాళ్ళు జిమ్‌లో చేరుతుంటే తనూ చేరారు. మొదటి రోజే వాళ్ళతో పంతానికి పోయి గుంజీలు తీశారు. వాళ్ళు ఆపినా ఈయన ఆపలేదు. ఆపమని చెప్పాల్సిన ట్రైనరేమో పక్కన నిలబడి చప్పట్లు కొట్టాడట. ఇంటికొచ్చి పాటలు పాడుకుంటూ స్నానం చేశారు, అంత హుషారు. మర్నాడు మంచం దిగలేకపోయారు. వ్యాయామం చేస్తే ఒళ్ళు నొప్పులు సహజమే కదా అన్నారు. నిజమే, మామూలు నొప్పి కూడా రెండో రోజు, మూడో రోజు ఎక్కువవుతుంది. కానీ ఆయన తొడలు వాచి బిగుసుకుపోయాయి. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తోందన్న సంగతి నాకు చెప్పనేలేదు. బాత్రూమ్ లోంచి బయటికొచ్చిన మొహం చూసి నేనే నిలదీశాను.

అలవాటు తప్పిన కండకి ఒక్కసారిగా అంత శ్రమ పెడితే కణాలు పగిలి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలో కలుస్తుందని, దానివల్ల కిడ్నీలు దెబ్బతినొచ్చని డాక్టర్ చెప్పాడు. రాబ్డోమయోలిసిస్ అంటారు. సెలైన్ మీద సెలైన్ ఎక్కించారు. పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుందేమోనని మానిటర్ పెట్టారు. రాత్రంతా ఆ గీత వంకే చూస్తూ కూర్చున్నాను. దేవుడి దయ, కిడ్నీలు దక్కాయి. ఇప్పుడు నాతోపాటు రోజూ నడుస్తారు, అందులోనూ ఆయనే ముందుండాలి. మనిషి మారితే గదా!

ఆయనకి ఆ రోజు ఆయాసం పెద్దగా రాలేదురా, నా భయమంతా అదే. ఊపిరి సరిపోయింది కదా అని కాళ్ళని అడగడం మానేశారు. నీక్కూడా రెండు మూడు వారాల్లో దమ్ము పెరిగినట్టనిపిస్తుంది. కండ కూడా త్వరగానే దారికొస్తుంది. ఎముకలు, కండని ఎముకకి పట్టి ఉంచే స్నాయువులు మాత్రం నెలలు తీసుకుంటాయి. కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్ళ మోకాళ్ళు, పిక్కలు, మడమలు దెబ్బతినేది ఎక్కువగా ఈ తేడా దగ్గరే.

నిన్ను బెదరగొట్టాలని కాదు. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఐదుగురు ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళని మూడు వారాలపాటు మంచం మీదే పడుకోబెట్టారు. శరీరం ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం పావు వంతుకి పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత అదే ఐదుగురిని పరీక్షిస్తే, వయసు చేసిన నష్టం ఆ మూడు వారాలు చేసినంత లేదు! ఆర్నెల్లు మెల్లగా వ్యాయామం చేయిస్తే ఆ యాభయ్యేళ్ళవాళ్ళు పోయిన సామర్థ్యమంతా తిరిగి తెచ్చుకున్నారు. ఆర్నెల్లు, మెల్లగా. నువ్వేమో మూడు నెలలంటున్నావు.

కాబట్టి ఇలా చెయ్యి. ఆ పేరుని 10 కిలోమీటర్లకి మార్పించుకో, 21 వచ్చే ఏడాది. మొదట్లో కాసేపు నడక, కాసేపు పరుగు, రోజు మార్చి రోజు. పక్కవాడితో తడబడకుండా మాట్లాడగలిగినంత వేగమే. వారానికి రెండు రోజులు కాళ్ళకీ నడుముకీ బలం వచ్చే వ్యాయామాలు, అవి బోరు కొట్టినా మానకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ. ముందు ఆ 150 నిమిషాలు తప్పకుండా చేసి చూపించు.

చిన్నప్పుడు స్కూల్ పోటీల్లో అందరూ వెళ్ళిపోయాక కూడా ఏడుస్తూ పరిగెత్తి గీత దాటావు, గుర్తుందా? నీకు పట్టుదల తక్కువని నేనెప్పుడూ అనుకోలేదు. అది ఎక్కువ కాబట్టే ఇంత పెద్ద ఉత్తరం.

డాక్టర్ ఏమన్నాడో ముందు నాకు చెప్పు. అమ్మకి నేను నిదానంగా చెప్తాను, లేకపోతే ఊరికే టెన్షన్ పడుతుంది.

ప్రేమతో,
పెద్దమ్మ

తా.క.: హాస్పిటల్ సంగతి రాశానని పెదనాన్నతో అనకు. నీ పరుగు గురించి తెలిస్తే ఆయనే ఫోన్ చేసి ట్రైనింగ్ ప్లాన్ చెప్తానంటారు. శ్రద్ధగా విను, ఒక్కటీ పాటించకు.