పెన్షనుదారు మీద హాస్య నవల: అరవై పేజీలు దాటాక నవ్వు రావడం లేదు, ఏం చేయాలి?

ఒడిశాలోని పర్లాకిమిడిలో రిటైరైన పోస్టల్ గుమాస్తా, ఇంటినిండా చుట్టాలు, అరవై పేజీలకే జోకులు అయిపోయాయి అన్నారు. మీరు పంపిన వివరం చూస్తే అసలు తగాదాయే ఇంకా మొదలవలేదండీ. బామ్మ చెవుడు, బావమరిది నస్యం రెండుసార్లు నవ్విస్తాయి, మూడోసారి పేజీ తిప్పేస్తారు. అందరి కన్నూ ఒకే డబ్బు మీద పడాలి.

ఆ డబ్బు ఆయన పెన్షన్‌లోనే ఉంది. కేంద్ర ఉద్యోగి కాబట్టి నెల పెన్షన్‌లో 40 శాతం దాకా ముందే అమ్ముకుని ఒకేసారి మొత్తంగా తీసుకోవచ్చు, ఆ మేరకు తగ్గిన పెన్షన్ పదిహేనేళ్లకి తిరిగి కలుస్తుంది. 2011 మార్చిలో అరవై ఏళ్లకి రిటైరయ్యాడనుకోండి. నెలకి పెన్షన్ 9,000, అందులో అమ్మింది 3,600. దాన్ని పన్నెండు నెలలతో, ఆ వయసుకి సర్కారు పట్టికలో ఉన్న గుణకం 8.194తో హెచ్చవేస్తే దాదాపు 3,54,000 చేతికొచ్చింది, కూతురి పెళ్లికి పోయింది. 2026 ఏప్రిల్ నుంచి ఆ 3,600 మళ్లీ వస్తుంది. దాని మీదే అందరి కన్నూ: పెద్దకొడుక్కి స్కూటర్ వాయిదా, కోడలికి చీటీ, అల్లుడికి పాత బాకీ. ముసలాయనకేమో రోజూ స్టేషన్ దగ్గర టీ, ఇంగ్లీషు పేపరు. మొత్తం చిన్నదిగానే ఉంచండి. లక్షలైతే కోర్టు కథ అవుతుంది.

కథ 2025 నవంబరులో మొదలుపెట్టండి. ఒడియా వాళ్ల కార్తీకం పున్నమి నుంచి పున్నమికి, మనది అమావాస్య నుంచి అమావాస్యకి. ఒడియా కోడలున్న ఇంట్లో రెండూ కలిపి నలభై ఐదు రోజులు నీచు ఉండదు. నవంబరు 6న ఛాడఖాయి, అంటే కార్తీకం అయిపోయాక ఒడియా వాళ్లు మళ్లీ నీచు తినే రోజు. పక్కింట్లో మాంసం ఉడుకుతుంటుంది, మనకింకా రెండు వారాలుంది. లైఫ్ సర్టిఫికెట్ సీను, అంటే పెన్షనుదారు బతికే ఉన్నాడని ఏటా రుజువు చూపించే సీను, ఆ రోజే పెట్టండి. వేళ్ల గీతలు అరిగి మిషను తీసుకోదు. ముఖం చూపించి రుజువు చేద్దామని మనవడు ఫోన్ పట్టుకుని కళ్లు ఆర్పమంటాడు. ఈయన ఫొటో స్టూడియోలోలా బిగుసుకుంటాడు. "కళ్లార్పు నాన్నా!" అని కొడుకు, "మరీ అంత కాదు" అని అల్లుడు, అరుగు మీంచి అందరూ తలో మాట. పక్కింటి వాసన తగిలాక గానీ కన్ను కదలదు.

ముసలాయన్ని వెర్రివాణ్ణి చేయకండి. అందరి లెక్కలూ తెలిసి తెలియనట్టుండేవాడైతేనే రెండొందల పేజీలు లాగుతాడు. ఒడియా పొరుగువాణ్ణి యాస కోసం మాత్రమే తేవద్దు, చీటీ నడిపేది అతనే కానివ్వండి.

సంభాషణల్లో "ఏమిటి, వెళ్తాను" తీసేసి "ఏటి, ఎల్తాను" పెట్టండి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో జనం పుస్తకం భాష మాట్లాడితే బాగోదు. "అగ్యా" (చిత్తం, అయ్యా) లాంటి ఒడియా మాటకి నవలలో అర్థం రాయకండి, జవాబులోనే తెలిసిపోవాలి.

మొదటి అధ్యాయంలో ముగ్గురికి మించి దించకండి. చదివి వినిపించినప్పుడు "ఈయన ఎవరి తోడల్లుడు?" అని ఎవరైనా అడిగితే ఆ పాత్రని మూడో అధ్యాయానికి జరపండి.