ప్రార్థిస్తూ ఊరుకోవాలా?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లె. కొబ్బరాకుల పాకలో ఆదివారం ప్రార్థన జరుగుతుంటే నలుగురొచ్చి మైకు పీకేసి, చాపలు కాలవలో పడేశారు. ప్రార్థిస్తూ ఊరుకోవాలా అండీ? – ఓ సోదరి

జవాబు: ఊరుకోమని ఎవరన్నారమ్మా? బైబిల్లో అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయం చూడండి, బెదిరింపులొచ్చినప్పుడు ఆనాటి విశ్వాసులు అవి ఆగిపోవాలని అడగలేదు, వాక్యం చెప్పే ధైర్యం ఇమ్మన్నారు. 12వ అధ్యాయం ఇంకా చిత్రం: చెరసాలలో ఉన్న యేసు శిష్యుడు పేతురు కోసం సంఘమంతా ప్రార్థిస్తోంది, తీరా ఆయనే వచ్చి తలుపు తడితే, రొదే అనే పిల్ల పరుగున వెళ్లి చెబితే, 'నీకు పిచ్చి' అన్నారు! (మన ప్రార్థనలూ ఇంతేగా.) కానీ అదే అధ్యాయంలో మరో శిష్యుడు యాకోబును కత్తితో చంపారు. ఆయన కోసం ఎవరూ ప్రార్థించలేదని అనగలమా? కాబట్టి ప్రార్థిస్తే దెబ్బ తగలదని నేను చెప్పను.

పౌలు ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి ప్రార్థించాడు, తెల్లారాక 'నేను రోమా పౌరుడిని, అధికారులే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి' అని పట్టుబట్టాడు. మనకూ రాజ్యాంగంలో మత స్వేచ్ఛనిచ్చే 25వ అధికరణం ఉంది, స్టేషన్లో ఫిర్యాదు రాసివ్వండి, రసీదు అడగండి. ఆ నలుగురి పేర్లు ప్రార్థనలోనూ ఎత్తండి, శపించడానికి కాదు సుమా. పిల్లల టెన్షన్ తగ్గేదాకా మీ వసారాలోనే కూర్చోండి, మైకు లేకపోతే ఏం?