పాఠకుల ప్రశ్నలు: ఫుట్‌బాల్‌లో డబ్బు లెక్కలు, మైదానంలో పోటీ

ప్రశ్న: యూరప్ ఫుట్‌బాల్‌లో ‘ఫైనాన్షియల్ ఫెయిర్ ప్లే’ నియమాలు వచ్చి పదేళ్లు దాటింది. పేరులోనే న్యాయం ఉన్నా, చాలా లీగుల్లో ఆ రెండు మూడు క్లబ్బులే గెలుస్తున్నాయి. నియమాలు విఫలమైనట్టేనా?

జవాబు: నా దృష్టిలో విఫలం కాలేదు. వాటిని ఏ పని కోసం రాశారో ఆ పని చాలావరకు చేస్తున్నాయి. మనం వాటి నుంచి ఆశిస్తున్నది వేరు. 2008లో ఎఫ్ఏ కప్పు గెలిచిన ఇంగ్లండ్ క్లబ్బు పోర్ట్స్‌మత్ తాహతుకు మించి ఖర్చుపెట్టి, 2010 ఫిబ్రవరిలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఇంగ్లండ్ అగ్ర డివిజన్ అయిన ప్రీమియర్ లీగులో ఉండగా ఆ స్థితికి చేరిన మొదటి క్లబ్బు అదే. తొమ్మిది పాయింట్లు పోగొట్టుకుని ఆ సీజన్‌లోనే కింది డివిజన్‌కు జారి, 2013 నాటికి నాలుగో అంచెకు పడిపోయింది. అటువంటి పతనాలను ఆపడానికే యూరప్ ఫుట్‌బాల్ పాలక సంస్థ యూఈఎఫ్ఏ ఈ నియమాలను తెచ్చింది. సంపాదించినదానికంటే ఎంతో ఎక్కువ ఖర్చుపెట్టకుండా క్లబ్బులను కట్టడి చేయడం వాటి ఉద్దేశం. క్లబ్బులన్నిటినీ సమానం చేయాలన్న మాట వాటిలో ఎక్కడా లేదు.

దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలన్న మన సామెతే ఈ నియమాల సారం. అయితే అందరి దుప్పటీ ఒకే పొడుగున లేదు. 2022లో ఆమోదించిన కొత్త నిబంధనల ప్రకారం, ఆటగాళ్ల జీతాలు, బదిలీల భారం, ఏజెంట్ల రుసుములు కలిపి క్లబ్బు ఆదాయంలో 70 శాతం మించకూడదు. మొదట 90, తరువాత 80 శాతంగా ఉంచి, 2025-26 నుంచి 70కి దించారు. రియల్ మాడ్రిడ్ ఆదాయం 2023-24లో 100 కోట్ల యూరోలు దాటింది. అంత ఆదాయమున్న క్లబ్బు జట్టుమీద 70 కోట్లు పెట్టవచ్చు, 10 కోట్ల ఆదాయమున్న క్లబ్బు 7 కోట్లే పెట్టాలి. ఇద్దరూ నియమాన్ని అక్షరాలా పాటించినవారే, కానీ వారి మధ్య దూరం ఎక్కడిదక్కడే ఉంటుంది.

పూర్వం ఈ దూరాన్ని దాటడానికి ఒక అడ్డదారి ఉండేది. జాక్ వాకర్ అనే ఉక్కు వ్యాపారి సొంత డబ్బు పోయడంతో బ్లాక్‌బర్న్ రోవర్స్ 1992లో పై డివిజన్‌కు వచ్చి 1995లో విజేత అయింది. 2003లో కొత్త యజమాని చేతికి వచ్చిన చెల్సీ, 2008లో చేతులు మారిన మాంచెస్టర్ సిటీ కూడా ఆ దారినే పైకి వచ్చాయి. వారు లోపలికి వెళ్లాక తలుపు మూసుకుంది. 2021లో సౌదీ ప్రభుత్వ నిధి కొన్న న్యూకాసిల్ క్లబ్బు, యజమాని దగ్గర ఎంత సంపద ఉన్నా దాన్ని తన ఇష్టప్రకారం ఖర్చుపెట్టలేకపోవడానికి ఈ తలుపే కారణం. మరో పోర్ట్స్‌మత్ రాకూడదని కోరుకునేవాణ్ని కాబట్టి నేను నియమాలను సమర్థిస్తాను. కానీ ‘ఫెయిర్’ అన్న పేరు మాత్రం పాఠకులను చాలాకాలంగా తప్పుదారి పట్టిస్తున్నది. యూఈఎఫ్ఏ కూడా ఇప్పుడు వీటిని ఆర్థిక సుస్థిరత నిబంధనలనే పిలుస్తున్నది.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో టీవీ డబ్బును సమానంగా పంచుతారు కనుకనే లెస్టర్ సిటీ వంటి జట్టు గెలవగలిగిందని ఒక మిత్రుడు వాదిస్తున్నాడు. నిజమేనా?

జవాబు: సగం నిజం. ఆ సగం చాలా ముఖ్యమైనది కనుక కొంచెం వివరంగా చెబుతాను.

1992లో పెద్ద డివిజన్ క్లబ్బులు పాత ఫుట్‌బాల్ లీగు నుంచి విడిపోయి ప్రీమియర్ లీగును పెట్టుకున్నది ప్రధానంగా టీవీ డబ్బు కోసమే. మొదటి ఒప్పందం ఐదేళ్లకు 30.4 కోట్ల పౌండ్లు. 2025లో మొదలైన నాలుగేళ్ల దేశీయ ఒప్పందం విలువ 670 కోట్ల పౌండ్లు. ఈ అంకెల కంటే విలువైనది మొదట్లోనే రాసుకున్న పంపక సూత్రం. దేశీయ ప్రసారాల డబ్బులో సగం అందరికీ సమానం, పావు వంతు పట్టికలో స్థానాన్ని బట్టి, మిగతా పావు వంతు ఎన్ని మ్యాచ్‌లను ప్రత్యక్షంగా చూపించారన్నదాన్ని బట్టి. విదేశీ ప్రసారాల డబ్బు 2019 దాకా పూర్తిగా సమానం. నియమం మార్చాలంటే ఇరవై క్లబ్బుల్లో పద్నాలుగు ఒప్పుకోవాలి, ప్రతి క్లబ్బుకూ ఒకటే ఓటు. పెద్ద క్లబ్బులు ఐదారు కలిసినంత మాత్రాన పంపకాన్ని తమవైపు తిప్పుకోలేకపోవడానికి ఈ ఓటే కాపలా. అయినా ఎడతెగని ఒత్తిడి ఫలితంగా, 2019 నుంచి విదేశీ ఆదాయంలో పెరిగిన భాగాన్ని స్థానాలను బట్టి పంచుతున్నారు.

ఈ సూత్రం ఏం చేసిందో స్పెయిన్‌తో పోల్చి చూస్తే తెలుస్తుంది. 2014-15 సీజన్‌లో ఇంగ్లండ్ విజేత చెల్సీకి సుమారు 9.9 కోట్ల పౌండ్లు ముట్టగా, అట్టడుగున నిలిచిన క్వీన్స్ పార్క్ రేంజర్స్‌కు సుమారు 6.5 కోట్లు వచ్చాయి. ఆ కాలంలో స్పెయిన్‌లో ఏ క్లబ్బు హక్కులను ఆ క్లబ్బే అమ్ముకునేది. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా చెరి 14 కోట్ల యూరోల దాకా తీసుకుంటుంటే, చిన్న క్లబ్బులకు 2 కోట్లు కూడా దక్కేవి కావు. ఈ తేడా భరించరానిదై 2015లో అక్కడి ప్రభుత్వమే చట్టం చేసి ఉమ్మడి అమ్మకాన్ని తప్పనిసరి చేసింది.

ఇక లెస్టర్ విషయానికి వద్దాం. 2014-15లో కిందికి జారిపోకుండా కొద్దిలో బయటపడ్డ జట్టు, మరుసటి సీజన్‌లో విజేత అయింది. ఎన్‌గోలో కాంటేను ఫ్రాన్స్‌లోని కాన్ క్లబ్బు నుంచి, రియాద్ మహ్రెజ్‌ను ల హావ్ర్ నుంచి తెచ్చుకోవడం వెతుకులాటలో చూపిన నైపుణ్యం. టీవీ డబ్బు దానికి అండగా నిలిచింది. పైగా ఆ ఏడాది పెద్ద జట్లన్నీ తడబడ్డాయి. విజేతగా బరిలోకి దిగిన చెల్సీ పదో స్థానంలో ముగించింది. పంపకం మెట్టు ఎత్తును తగ్గించిందే తప్ప మెట్టెక్కించలేదు. ఆ వేసవిలోనే కాంటే చెల్సీకి వెళ్లిపోయాడు. ఆ తరువాత 2018 నుంచి 2024 వరకు ఏడు టైటిళ్లలో ఆరింటిని మాంచెస్టర్ సిటీయే గెలిచింది. ఉమ్మడి మూటలో లేని డబ్బు, అంటే వాణిజ్య ఒప్పందాలు, స్టేడియం రాబడి, యూరప్ మేటి క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ సొమ్ము, మీ మిత్రుని వాదనలో మిగిలిపోయిన సగం.

ఛాంపియన్స్ లీగ్ డబ్బు ప్రభావం చిన్న దేశాల్లో మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బల్గేరియాలో లుడోగొరెట్స్ అనే క్లబ్బు 2012లో తొలిసారి లీగు గెలిచి, 2025 వరకు వరుసగా పద్నాలుగు టైటిళ్లు సాధించింది. అందుకు మొదట యజమాని పెట్టుబడి కారణమైనా, తరువాత యూరప్ పోటీల నుంచి వచ్చే సొమ్ము ఒక్క ఏటి గెలుపును మరుసటి ఏటి పెట్టుబడిగా మార్చింది. ఆ ఆదాయం లేని స్వదేశీ ప్రత్యర్థులు అందుకోలేకపోయారు. యూఈఎఫ్ఏ తన పోటీని ఎంత సంపన్నం చేస్తే, ఆ పోటీకి జట్లను పంపే చిన్న లీగులు అంత ఏకపక్షం అవుతున్నాయి. ఈ కథలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

ప్రశ్న: కింది డివిజన్ నుంచి ప్రీమియర్ లీగుకు వచ్చిన మూడు జట్లూ వెంటనే వెనక్కి పోవడం ఎందుకు?

జవాబు: 2023-24లో, మళ్లీ 2024-25లో అదే జరిగింది. అంతకు ముందు ప్రీమియర్ లీగు చరిత్రలో 1997-98లో ఒక్కసారే జరిగింది. రెండు డివిజన్ల టీవీ ఆదాయాల మధ్య అగాధమే మూలకారణం. పడినవారికి దెబ్బ తగలకుండా ‘పారాచూట్ చెల్లింపులు’ ఇస్తారు. ప్రతి క్లబ్బుకూ అందే సమాన వాటాలో మొదటి ఏడాది 55 శాతం, రెండో ఏడాది 45 శాతం, పైన ఒక సీజన్‌కు మించి ఉన్నవారికైతే మూడో ఏడాది 20 శాతం. జీతాల ఒప్పందాలు నెత్తిన ఉన్న క్లబ్బు కూలిపోకుండా ఇది కాపాడుతుంది, నిజమే. కానీ ఆ డబ్బు లేని క్లబ్బులు కింది డివిజన్‌లో వారితో పోటీ పడవలసి వస్తుంది. దెబ్బ తగలకుండా చేసిన ఏర్పాటు పక్కవాడి దారికి అడ్డమైంది.

ప్రశ్న: మైదానంలో చెమటోడ్చి సంపాదించిన పాయింట్లను లెక్కల పుస్తకం చూసి కోయడం అన్యాయం కాదా?

జవాబు: ఒక కేసును దగ్గర నుంచి చూసి చెప్పుకుందాం. అప్పటి ప్రీమియర్ లీగు నియమం ప్రకారం మూడేళ్లలో నష్టం 10.5 కోట్ల పౌండ్లకు మించకూడదు. ఆ మూడేళ్లలో రెండేళ్లు కింది డివిజన్‌లో గడిపినందున నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు పరిమితి 6.1 కోట్లే. ఖాతాల సంవత్సరం 2023 జూన్ 30తో ముగిసేనాటికి ఆ పరిమితిని 3.45 కోట్లు దాటింది. క్లబ్బు చేతిలో బ్రెనన్ జాన్సన్ ఉన్నాడు. చిన్నప్పటి నుంచి అక్కడే శిక్షణ పొందినవాడు. జూన్‌లోపే అమ్మితే లెక్క సరిపోయేది, కానీ తక్కువ ధర వస్తుందని క్లబ్బు ఆగింది. చివరికి సెప్టెంబరు 1న టాటెన్‌హామ్‌కు 4.75 కోట్లకు అమ్మింది. ఆర్థికంగా చూస్తే తెలివైన పనే, కానీ గడువు దాటింది. మంచి ధర కోసమే ఆగామన్న వాదనను విచారణ సంఘం ఒప్పుకోలేదు. 2024 మార్చిలో ఆరు పాయింట్లు కోయదగిన తప్పుగా నిర్ణయించి, సహకరించినందుకు రెండు తగ్గించి నాలుగు కోసింది.

నాకు శిక్ష సబబుగానే తోస్తుంది. అదే మూడేళ్లలో నియమానికి కట్టుబడి, కావలసిన ఆటగాణ్ని కొనకుండా ఆగిపోయిన క్లబ్బు కోల్పోయిన పాయింట్లను ఎవరూ లెక్కకట్టరు. జరిమానాతో సరిపెడితే డబ్బున్నవాడికి అది మరో ఖర్చు మాత్రమే అవుతుంది. అయితే కోత ఎప్పుడు పడుతుందో, ఎంత పడుతుందో తెలియకపోవడం మాత్రం తప్పే. 2023 నవంబరులో ఎవర్టన్‌కు పది పాయింట్లు కోసి, అప్పీలులో ఆరుకు తగ్గించి, ఏప్రిల్‌లో మరో కేసులో ఇంకో రెండు కోశారు. పట్టికలో తాము ఎక్కడున్నామో అభిమానులకు నెలల తరబడి తెలియని స్థితి వచ్చింది.

జాన్సన్ అమ్మకంలో మరో కిటుకు ఉంది. కొన్న ఆటగాడి ధరను ఒప్పందం ఎన్నేళ్లయితే అన్నేళ్లకు పంచి ఖాతాలో రాస్తారు. 10 కోట్లకు ఐదేళ్ల ఒప్పందం మీద కొంటే ఏటా 2 కోట్ల ఖర్చు. అతణ్ని మధ్యలో అమ్మితే మిగిలిన విలువ పోగా వచ్చినదే లాభం. సొంత అకాడమీలో పెరిగిన కుర్రాడికి పుస్తకంలో విలువ సున్నా కనుక వచ్చిన ధరంతా లాభమే. అందుకే ఖాతా తీరని క్లబ్బుల చూపు మొదట ఇంటి పిల్లల మీద పడుతుంది. 2024 జూన్ నెలాఖరున న్యూకాసిల్ తన ఊరి కుర్రాడు ఇలియట్ ఆండర్సన్‌ను అమ్ముకోవలసి వచ్చింది. అకాడమీ మీద పెట్టే ఖర్చును నష్టాల లెక్క నుంచి మినహాయించి పిల్లల్ని పెంచమని ప్రోత్సహించే నియమమే, పెరిగిన పిల్లవాణ్ని అమ్మేలా కూడా చేస్తున్నది.

ప్రశ్న: అమెరికన్ ఫుట్‌బాల్‌లోలాగా అన్ని జట్లకూ ఒకే జీతాల పరిమితి పెడితే సరిపోదా?

జవాబు: అక్కడ జట్లు కింది డివిజన్‌కు జారవు, ఆటగాళ్లకు వెళ్లడానికి అంతటి లీగు మరొకటి లేదు. యూరప్‌లో ఒక దేశం పరిమితి పెడితే ఆటగాడు పక్క దేశానికి వెళ్తాడు. ఒప్పందం ముగిసిన ఆటగాడు రుసుము లేకుండా యూరోపియన్ యూనియన్‌లోని మరో దేశపు క్లబ్బుకు వెళ్లవచ్చని చెప్పిన 1995 నాటి బోస్మన్ తీర్పు తరువాత ఆ కదలికను ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. పరిమితి పెడితే యూరప్ అంతటికీ పెట్టాలి, దానికి సంపన్న క్లబ్బులు ఒప్పుకోవు.

ప్రశ్న: ఈ నియమాల వల్ల చిన్న క్లబ్బు నష్టపోయిన ఉదాహరణ గాని, లాభపడిన ఉదాహరణ గాని ఉందా?

జవాబు: రెండూ ఒకే క్లబ్బుకు జరిగాయి. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో ఎయిబార్ అనే పట్టణం ఉంది, జనాభా సుమారు 27 వేలు. 2014లో ఆ ఊరి జట్టు తొలిసారి అగ్ర డివిజన్‌కు అర్హత సంపాదించింది. దానికి అప్పు లేదు. అయినా క్లబ్బు మూలధనం రెండో డివిజన్ క్లబ్బుల సగటు ఖర్చులో నాలుగో వంతు ఉండాలన్న నియమం అడ్డొచ్చింది. ఇంకా 17 లక్షల యూరోలకు పైగా సమకూర్చకపోతే పైకి వెళ్లకపోగా మూడో అంచెకు దిగిపోవలసి ఉంటుంది. ఇతరులు చేసిన అప్పులకు విరుగుడుగా లెక్కగట్టిన నియమం, అప్పే చేయని క్లబ్బు మెడకు చుట్టుకుంది. క్లబ్బు వారు 50 యూరోలకొక వాటా చొప్పున అమ్మకానికి పెట్టగా, అనేక దేశాల నుంచి వేలమంది కొని గండం గట్టెక్కించారు.

మరుసటి ఏడాది ఎయిబార్ పద్దెనిమిదో స్థానంలో నిలిచింది. ఆ లెక్కన రెండో డివిజన్‌కు జారిపోవాలి. అయితే పదమూడో స్థానంలో ముగించిన ఎల్చే క్లబ్బును బకాయిలు తీర్చనందుకు లీగు కింది డివిజన్‌కు పంపడంతో ఆ ఖాళీ ఎయిబార్‌కు దక్కింది. టీవీ డబ్బు ఉమ్మడి పంపకం కూడా ఆ తరువాతే అమలులోకి వచ్చింది. ఆ చిన్న ఊరి జట్టు 2021 దాకా, వరుసగా ఏడు సీజన్లు, మాడ్రిడ్, బార్సిలోనాలతో ఒకే డివిజన్‌లో ఆడింది.